మలావిలో వాలంటీరుగా మూడు నెలలు: ఉండాలా, వచ్చేయాలా?

బ్రాడీపేట అమ్మాయి (ఫిబ్రవరి 9)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, పుట్టి పెరిగింది బ్రాడీపేటలో. నాకు 31 ఏళ్లు. ప్రకృతి సేద్యం పని మీద ఆరేళ్లు ప్రత్తిపాడు, కాకుమాను మండలాల్లో తిరిగాను. మిరప చేలల్లో, పత్తి చేలల్లో జీవామృతం (పేడ, మూత్రంతో చేసే ద్రవ ఎరువు) కలిపించడం, నవధాన్యాలు చల్లించడం, డ్వాక్రా అక్కలతో కూర్చుని లెక్కలు రాయడం, ఇదీ నా పని. ఆ అనుభవం చూసే ఒక సంస్థ నన్ను రెండేళ్లకి మలావి పంపింది. నవంబరులో వచ్చాను. జాంబియా, టాంజానియా, మొజాంబిక్‌ల మధ్య సన్నగా పొడుగ్గా ఉండే దేశం ఇది. నేనుండేది దక్షిణాన జోంబా పట్టణానికి దగ్గర్లో ఒక పల్లె. 1975 దాకా జోంబానే వీళ్ల రాజధాని, తర్వాత లిలాంగ్వేకి మారింది.

వాలంటీర్ అంటే మన వైపు అందరికీ 2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్లే గుర్తొస్తారు. యాభై ఇళ్లకి ఒకరు, నెలకి 5,000 గౌరవ వేతనం ఉండేది. మా పెద్దమ్మ ఇప్పటికీ "ఆ పనేదో మన వార్డులోనే చేసుకుంటే పోయేది కదే, సముద్రాలు దాటి పోవాలా" అంటుంది. నాది జీతం ఉద్యోగం కాదు. గది అద్దెకి, తిండికి, బస్సుకి సరిపోయేంత భత్యం ఇస్తారు. అది తెలిసే వచ్చాను.

తిండికి కష్టపడతావని అందరూ భయపెట్టారు. పడలేదు. వీళ్ల అన్నం పేరు న్సీమ, అంటే మొక్కజొన్న పిండి సంకటి. మా అమ్మమ్మ వాళ్లది పల్నాడు, జొన్న సంకటి తిని పెరిగిన నోటికి ఇదేం కొత్త కాదు. కుడిచేత్తోనే తింటారు. తినేముందు ఇంట్లో చిన్నవాళ్లు చెంబుతో నీళ్లు తెచ్చి పెద్దల చేతుల మీద పోస్తారు. గుమ్మడాకుని వేరుశనగ పొడి వేసి వండితే ఎంత బాగుంటుందో ఇక్కడే తెలిసింది. సంక్రాంతి రోజు చెట్టు కింద కూర్చుని మామిడిపళ్లు తిన్నాను. ఇక్కడ వాటి కాలం అదే.

కష్టం వేరే చోట మొదలైంది.

జనవరి మూడో వారంలో మొదటి శిక్షణ పెట్టాను. మామిడిచెట్టు కింద ఇరవై మంది దాకా ఆడవాళ్లు వచ్చారు. సంస్థ 200 లీటర్ల డ్రమ్ము పంపింది. ప్రత్తిపాడులో వందలసార్లు చెప్పినట్టే జీవామృతం ఎలా కలపాలో చెప్పుకుంటూ పోయాను. పేడ పది కిలోలు, మూత్రం ఐదు నుంచి పది లీటర్లు, బెల్లం రెండు కిలోలు, పప్పుల పిండి రెండు కిలోలు, గుప్పెడు గట్టు మట్టి. నాతో ఉండే అబ్బాయి నా మాటల్ని ఇక్కడి భాష చిచేవాలోకి మారుస్తున్నాడు. ముందు పేడ దగ్గరే ఆగిపోయాం. ఆ ఊళ్లో ఆవులున్న ఇల్లు ఒక్కటే, మిగతా ఇళ్లలో మేకలు, కోళ్లు. సరే, ఆ ఇంటి నుంచే తెద్దాం అన్నాను. అప్పుడు నేనుంటున్న ఇంటి ముసలావిడ లేచింది. నాయనమ్మ, అమ్మమ్మ, తాత, ఎవరినైనా ఇక్కడ అగోగో అనే పిలుస్తారు. ఆవిడ అడిగింది: "ఆ రెండు కిలోల పిండి ఉడకబెడితే ఎంతమంది తింటారమ్మా?"

ఎగతాళికి అడగలేదు. నిజంగా లెక్క తెలుసుకోవాలని అడిగింది. నాకు నోట మాట రాలేదు. జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడ ఆకలి నెలలు. పాత మొక్కజొన్న గాదెలో అయిపోతుంది, కొత్త పంట ఇంకా చేలోనే ఉంటుంది. చాలా ఇళ్లలో పొయ్యి రోజుకి ఒకేసారి వెలుగుతోంది. అలాంటి నెలలో వచ్చి, తినే పిండి మట్టికి పోయమని చెప్పాను. ఆరేళ్లలో ప్రత్తిపాడులో ఒక్క రైతు కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు, అడగాల్సిన అవసరం వాళ్లకి రాలేదు.

ఆ రాత్రి అగోగో నాకు రెండు ముద్దలు ఎక్కువే పెట్టింది. మనవలు ముగ్గురూ నా పళ్లెం వైపే చూస్తున్నారు. అప్పటి నుంచి ఆకలిగా లేదని అబద్ధం చెప్పి, జోంబా నుంచి తెచ్చుకున్న బిస్కెట్లు గదిలో తలుపేసుకుని తింటున్నాను. ఇది రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

సాయంత్రాలు ఇంకా బరువు. ఆరింటికి చీకటి పడుతుంది, అప్పుడు గుంటూరులో రాత్రి 9:30. అమ్మ ఫోన్ చేస్తుంది. బాగానే ఉన్నానంటాను. ఇంకో బాధ, నన్నిక్కడ పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మన దేశం వాళ్లని అమ్వెన్యే అంటారు. వాళ్లకి తెలిసిన అమ్వెన్యే అంటే లింబే, బ్లాంటైర్ పట్టణాల్లో దుకాణాలున్న గుజరాతీలు, కందులు కొనే వ్యాపారులు. అందుకే ఎదురైనవాళ్లు "ఈ ఏడు నండోలోకి ఎంతిస్తావు?" అని అడుగుతారు. నండోలో అంటే కందులు. మన ప్రభుత్వం 2021లో మలావితో ఒప్పందం చేసుకుంది, ఏటా 50,000 టన్నుల కందులు ఐదేళ్లపాటు దిగుమతికి. మా అమ్మ కొట్లో కొనే కందిపప్పు ఈ ఊరి కంది అయినా అయ్యుండొచ్చు. మీ ఊళ్లో కిలో ఎంత అని ఒకామె అడిగింది. పోయిన ఏడాది వాళ్ల చేతికి ముట్టిన ధర అప్పటికే విన్నాను కనుక మన ధర చెప్పడానికి మనసొప్పలేదు.

సంస్థకి నెల నెలా పంపే రిపోర్టులో "శిక్షణ పొందిన రైతులు" అని ఒక గడి ఉంది. ఈ నెల ఖాళీగా వదిలేశాను.

బయటి దేశాల్లో ఇలా ఉండొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎన్నాళ్లకి కుదురుకున్నారు? తెచ్చిన విద్య అక్కడ పనికిరాదని తెలిశాక ఏం చేశారు?

---

పటమట నర్సు (ఫిబ్రవరి 9)

అమ్మాయ్, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను విజయవాడ పటమటలో ఉంటాను. చాలా ఏళ్ల కింద జాంబియా తూర్పున చిపాటా దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో రెండేళ్లు వాలంటీరుగా పనిచేశాను. అక్కడి న్యాంజా, నీ చిచేవా ఒకే భాష. ములి బ్వాంజి? (ఎలా ఉన్నావు?)

ముందు ఒంటి సంగతి. వానల నెలలు, దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకు. మీ డాక్టర్ ఇచ్చిన మలేరియా మాత్ర ఆకలి లేదనో అలసటనో మానొద్దు. జ్వరమొస్తే అదే రోజు రక్తపరీక్ష. అక్కడిది ఎక్కువగా ఫాల్సిపారం రకం, మెదడుకెక్కితే గంటలే గడువు. చెరువు గట్టునున్నా, పెద్ద సరస్సు చూడబోయినా నిలవ నీళ్లలో దిగకు, నత్తల వల్ల బిల్హార్జియా అనే పురుగుల జబ్బు వస్తుంది. తిరిగొచ్చేది ఆడిస్ అబాబా మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచుకో. మన విమానాశ్రయంలో అది లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. నేను ఆ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేయించుకున్నాను. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

ఇక బిస్కెట్లు. అవి మానెయ్. నువ్వు తింటున్నట్టు ఆ ఇంట్లో ఈపాటికి అందరికీ తెలుసు. పిల్లలకి కాగితం చప్పుడు వినపడదనుకున్నావా? ఆకలి లేదని నువ్వన్నప్పుడల్లా ఆవిడకి వేరే మాట వినపడుతుంది: నీ ఇంటి తిండి నాకు చాలదు. జోంబా సంతలో మొక్కజొన్న పిండి బస్తా ఒకటి కొని తీసుకెళ్లు. దానం చేసినట్టు నలుగురిలో ఇవ్వకు. అత్తారింటి నుంచి కూతురు వచ్చినప్పుడు సరుకులు వంటింట్లో దించి చేతులు దులుపుకున్నట్టు దించెయ్. ఆ పూట ఆవిడ వడ్డించింది కడుపునిండా తిను.

నాకు మొదటి నాలుగు నెలలూ నరకమే. పొద్దున్నే వెళ్లి రిజిస్టరు తెరిచి "తర్వాత ఎవరు" అనేదాన్ని. వరసలో ఆడవాళ్లు నాతో మాట్లాడేవాళ్లు కాదు, ఎక్కడ నొప్పో కూడా సరిగా చెప్పేవాళ్లు కాదు. మందు రాసిస్తే తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. అక్కడ పురుళ్లు పోసే పెద్దావిడ ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టి చెప్పింది, నీకు పలకరించడం రాదని. మన దగ్గర "ఏంటమ్మా, ఎలా ఉన్నావ్" అంటే రెండు మాటల్లో తేలిపోతుంది. అక్కడ నిద్ర ఎలా పట్టింది, ఇంట్లోవాళ్లెలా ఉన్నారు, చేను ఎలా ఉంది, ఇవన్నీ అయ్యాకే అసలు సంగతి. గుమ్మం ముందు నిలబడి "ఓడీ" అని పిలిచి, రమ్మన్నాకే అడుగు పెట్టాలి. పెద్దవాళ్ల ముందు ఆడపిల్లలు మోకాళ్ల మీదకి వంగి పలకరిస్తారు. మొదట్లో నాకు ఒంటికి పట్టలేదు. తర్వాత, మా నాయనమ్మ కాళ్లకి దండం పెట్టడానికి ఎప్పుడూ ఇబ్బంది పడని మనిషిని ఇక్కడెందుకు పడుతున్నానని అనిపించింది. పలకరింపులకి రోజూ గంట పోయేది. ఆ గంట పెట్టాకే నాకు రోగం చెప్పడం మొదలుపెట్టారు.

ఎన్నాళ్లని అడిగావు. నాకు ఐదో నెలలో, ఒకామె నన్నడగకుండానే తన బిడ్డకి నా పేరు పెట్టుకుని, తర్వాత తీసుకొచ్చి చూపించింది. ఆ రోజు ఇల్లు గుర్తు రాలేదు.

---

అరండల్‌పేట తాతయ్య (ఫిబ్రవరి 10)

తల్లీ, నాది వేరే మాట, తప్పుగా అనుకోకు. నా కూతురు నీ ఈడుదే. అంత దూరంలో, దీపం లేని ఊళ్లో, పస్తులున్నవాళ్ల ఇంట్లో ఒక్కదానివీ కుంగిపోవడం నాకు బాధగా ఉంది. రెండేళ్ల కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన ఒళ్లు, మనసు తాకట్టు పెట్టినట్టు కాదు. వచ్చేస్తే ఎవరూ వేలెత్తి చూపరు. గుంటూరు జిల్లాలో రైతులకి నీ అవసరం తీరిపోలేదు. అమ్మకి నిజం చెప్పు, ముందు ఆ పని చెయ్యి.

---

బ్రాడీపేట అమ్మాయి (ఫిబ్రవరి 11)

తాతయ్య గారూ, నిన్న రాత్రి మీ మాట చదివాకే అమ్మకి అంతా చెప్పేశాను. చాలాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. చివర్లో "ఆ పిల్లలు ముగ్గురి పేర్లేంటి?" అని అడిగింది. నాకు ఇద్దరి పేర్లే తెలుసు. మూడు నెలలుగా ఒకే చూరు కింద ఉంటూ మూడోవాడి పేరు తెలుసుకోలేదు.

---

సింగ్‌నగర్ పిన్ని (ఫిబ్రవరి 12)

నేను ఏ దేశమూ వెళ్లలేదమ్మా. విజయవాడ సింగ్‌నగర్‌లో టైలరింగ్ చేసుకుంటాను. కానీ నువ్వు ఆ ముసలావిడ గురించి రాసింది చదివాక ఊరుకోలేకపోయాను. ఎందుకంటే నేను ఆవిడ వైపు నిలబడి చూసినదాన్ని.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. మధ్యాహ్నానికి కింద ఇల్లు మునిగింది. మా వారు, అత్తగారు, ఇద్దరు పిల్లలు, పక్కింటివాళ్లు, అందరం డాబా మీద. పడవల మీద వచ్చారు, డ్రోన్లతో పొట్లాలు వదిలారు. కాదనను, ఆ తిండి తినే బతికాం, ఇచ్చినవాళ్లకి రుణపడి ఉన్నాం. కానీ నా మాట ఒకటి విను. చేయి చాచడం మొదటి రోజు ఆకలి. మూడో రోజుకి అది వేరే ఏదో అవుతుంది. నా చేత్తో నేను కుట్టిన బట్ట కట్టుకుని తిరిగే వీధిలో, నీళ్ల బాటిల్ కోసం పిల్లల్ని ఎత్తి చూపించాను. ఆ రోజు నుంచి మనుషుల కళ్లలోకి చూడటం మానేశాను.

నీళ్లు తీశాక ఇంట్లో బురద. ఫైరింజన్లు వచ్చి కడిగాయి, అయినా మూలల్లో, మిషను సందుల్లో పేరుకుపోయింది. అప్పుడు తెనాలి వైపు నుంచి కాలేజీ పిల్లలు కొందరు వచ్చారు. ఒక పిల్ల మా ఇంట్లో మధ్యాహ్నం దాకా చీపురుతో, చేతులతో బురద తీసింది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి "పిన్నీ, టీ ఉంటే కొంచెం పెడతారా? తల నొప్పిగా ఉంది" అంది.

ఆ రోజే స్టవ్ కడిగి పెట్టాను. పాలపొడి ప్యాకెట్ ఒకటి పంచినవాటిలో వచ్చింది. దాంతో టీ పెట్టి స్టీలు గ్లాసులో ఇచ్చాను. మెట్టు మీద కూర్చుని ఊదుకుంటూ తాగింది. పది రోజుల్లో నేను ఒక మనిషికి ఇచ్చింది ఆ గ్లాసెడు టీ ఒక్కటే. ఆ పిల్ల వెళ్లాక చాలా రోజుల తర్వాత నేను తల దువ్వుకున్నాను.

ఆ అమ్మాయికి నిజంగా తలనొప్పి వచ్చిందో, కావాలనే అడిగిందో ఇప్పటికీ తెలియదు. నీ ముసలావిడ పెట్టే రెండు ముద్దలు నాకు ఆ టీ గ్లాసులా కనపడ్డాయి. పటమట అక్క చెప్పినట్టు బస్తా తీసుకెళ్లు, తప్పకుండా తీసుకెళ్లు. కానీ ఆవిడ పెట్టింది వద్దనకు. అంతేకాదు, ఆవిడకి వచ్చిన పనేదైనా నేర్పమని అడుగు. రెండేళ్లు ఇస్తూనే ఉంటే వాళ్లేం కావాలి?

---

బ్రాడీపేట అమ్మాయి (ఏప్రిల్ 20)

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. నెట్ దొరకడం ఒక కారణం. ఇంకో కారణం, సాయంత్రాలు ఖాళీ లేదు.

పిన్ని గారి మాట చదివిన మర్నాడు పిండి బస్తా తెచ్చి వంటింట్లో దించాను. అగోగో దాన్ని చూసింది, నన్ను చూసింది, ఏమీ అనలేదు. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. మర్నాడు చేనుకి నన్నూ తీసుకెళ్లమని అడిగాను. ఇక్కడ అరకలు లేవు, ట్రాక్టర్లు లేవు. అంతా చేతి పారతోనే, బోదెలు కూడా దాంతోనే ఎగదోస్తారు. మొదటి రోజు నా బోదె పాములా వంకరపోయింది. చేతులు బొబ్బలెక్కాయి. ఆవిడ వెనకే వచ్చి, ఒక్క మాట అనకుండా సరిచేసుకుంటూ వెళ్లింది. రెండో వారంలో సరిచేయడం మానేసింది. మూడోవాడి పేరు కూడా తెలిసింది. వాడే నాకు చిచేవా అంకెలు నేర్పుతున్నాడు.

ఆ చేలోనే కళ్లు తెరుచుకున్నాయి. మొక్కజొన్న బోదెల మీదే మధ్య మధ్యలో కంది. వీళ్ల తాతల నాటి పద్ధతట. మొక్కజొన్న కోసేశాక కూడా కంది నిలబడి వానల్లేని నెలల్లో కాస్తుంది. ఆకు రాల్చి నేలకి బలమిస్తుంది. మిశ్రమ పంటల గురించి నేను పాఠం చెప్పాలని వచ్చిన ఊరు ఇది! డ్రమ్ము ఇంకా మామిడిచెట్టు కిందే ఉంది. నీళ్లు పట్టుకుంటున్నారు.

జీవామృతం సంగతి పక్కన పెట్టేశాను. దానికి బదులు మా తాతయ్య గుర్తొచ్చాడు. కోతలయ్యాక గొర్రెల మందల్ని చేలో తోలించి రాత్రిళ్లు పడుకోబెట్టించేవాడు, కాపరికి వడ్లు కొలిచేవాడు. ఇక్కడ మేకల్ని రాత్రిళ్లు ఎత్తైన కర్ర దొడ్లలో కడతారు, ఎరువంతా కింద రాలి అక్కడే పోగవుతుంది. దాన్ని తీసి మొక్కజొన్న చొప్పతో కలిపి కుళ్లబెడితే ఎలా ఉంటుందని అడిగాను. నలుగురు చూద్దామన్నారు. అగోగో ఆ నలుగురిలో లేదు. ముందు మీరు చేసి చూపించండి అంది. సరేనన్నాను.

ఇంకోటి చెప్పాలి. ఇక్కడ ఆడవాళ్ల పొదుపు సంఘాలున్నాయి, బంకి మ్ఖొండె అంటారు. మాటకి అర్థం అరుగు బ్యాంకు. అరుగు మీద కూర్చుని డబ్బు లెక్కపెట్టుకుని పెట్టెలో వేసి తాళం వేస్తారు. మా అమ్మ పదేళ్లు డ్వాక్రా గ్రూపు లీడరు. నేను పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునే దాన్ని. ఆ మాట చెప్పగానే అక్కడున్న ఒకామె నా వైపు జరిగి, మీ అమ్మ వడ్డీ ఎంత వేసేది, కట్టనివాళ్లని ఏం చేసేది అని మొదలుపెట్టింది. వచ్చిన ఇన్ని నెలల్లో నన్ను ఇంత ఆత్రంగా ఎవరూ ఏదీ అడగలేదు. అప్పుడే మన ఊళ్లో కందిపప్పు కిలో ఎంతో కూడా చెప్పాను. అరుగు మీద చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత, ఈసారి కందులు ఎవరికి వాళ్లు కాకుండా ఒకచోట పోగేసి అమ్మితే ఎలా ఉంటుందని వాళ్లే లెక్కలేసుకోవడం మొదలుపెట్టారు.

చిచేవాలో ఒక సామెత ఉంది, పదునైన చిన్న కత్తి తెచ్చేది కొత్తగా వచ్చిన అతిథేనని, అంటే మనకి తట్టని ఉపాయం కొత్తవాళ్లు తెస్తారని. ఆ శిక్షణ రోజు అగోగో ఆ కత్తి కోసమే ఎదురుచూసిందట. నాతో ఉండే అబ్బాయి ఇప్పుడు చెప్పాడు. నా దగ్గర అది లేదని తెలిసి కూడా అన్నం పెట్టిందన్నమాట.

రిపోర్టులో గడి ఇంకా ఖాళీయే. కింద "ఇతర విషయాలు" అన్న చోట రెండు పేజీలు రాసి పంపాను. వాళ్లేమంటారో చూడాలి. తాతయ్య గారూ, దిగులు పూర్తిగా పోలేదు, ఆదివారాలు మరీను. ప్రస్తుతానికి ఉంటున్నాను.

ఒక సహాయం కావాలి. జూలై తర్వాత కంది కోతకొస్తుంది. వీళ్లకి పప్పు చేయడం తెలియదు, గింజ గింజగానే గంటల తరబడి ఉడకబెడతారు, కట్టెలు చాలా పడతాయి. ముద్దపప్పు రుచి చూపిస్తానని అగోగోకి మాటిచ్చాను. తిరగలి లేదు కానీ పిండి నూరుకునే రాళ్లున్నాయి. మిల్లు లేకుండా ఇంట్లో కందులు పప్పు చేసే పద్ధతి ఎవరికైనా తెలుసా? అమ్మకి సగమే గుర్తుంది.

---

సింగ్‌నగర్ పిన్ని (ఏప్రిల్ 20)

మా అత్తగారిని అడిగి రాస్తున్నా. కందులు రాత్రి నానబెట్టు. పొద్దున నీళ్లు వంచేసి, మెత్తటి ఎర్రమన్ను తడిపి గింజలన్నిటికీ పట్టించి, కుప్పగా పోసి గోనెపట్టా కప్పి ఒక రాత్రి ఉంచు. తర్వాత మూడు రోజులు బాగా ఎండబెట్టు, గింజ గలగలమనాలి. మన్ను జల్లించేసి అప్పుడు రాయి మీద ఆడించు, బద్ద విడిపోతుంది. గట్టిగా నొక్కితే నూకైపోతుంది, రాయిని తేలిగ్గా తిప్పమంది. పొట్టు పారేయకండి, మేకలకి పెట్టండి.